రెండంగుళాల తప్పు

సంచీలో ఉన్నవి ఇవి. చిన్న కంప్యూటరు ఒకటి, టేప్‌రికార్డరు ఒకటి, తీగలు రెండు, గోళ్ళరంగు సీసా ఒకటి, కేసెట్లు నలభై నాలుగు. కేసెట్లు ఇరవై ఎనిమిది ఉంటాయనుకున్నాను. రెండోసారి లెక్కపెట్టాను. నలభై నాలుగే.

ఆయన పోయిన తర్వాతి ఆదివారం మెట్టుగూడలో వాళ్ళింట్లో ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించాక అందరికీ టీలు ఇచ్చారు. పోయినాయన భార్య లోపలికి వెళ్ళి ఈ సంచీ తెచ్చి నా చేతికిచ్చింది.

"మీకే ఇమ్మన్నారండీ. ఈ తీగలు కలపడం మీకొక్కరికే వచ్చంట. ఎర్రచుక్క మాత్రం కదపొద్దని చెప్పమన్నారు. ఏ చుక్కో ఏంటో నాకు తెలీదు. మీకు తెలుసంటగా?"

"తెలుసమ్మా" అన్నాను.

బయటికొచ్చి తార్నాక వైపు నడిచాను. ఏమీ అనిపించలేదు. సంచీ ఐదు కిలోలుంటుంది అనుకున్నాను. ఇంటికొచ్చి తూచాను. ఐదుకు నూటయాభై గ్రాములు తక్కువ ఉంది.

క్యాంపస్‌లో ఆయన్ని బావులాయన అనేవాళ్ళు. రాళ్ళూ మట్టీ చదివే విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్. కోస్తా నుంచి వచ్చినవాడు, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నేను పక్క భవనంలో లెక్కలు కట్టే గుమాస్తాని. చదివింది ఇంటర్ దాకా. మిగతాదంతా పాత పుస్తకాలు కొనుక్కుని, చిన్న క్యాలిక్యులేటరు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. పరిశోధన చేసే పిల్లలకు పట్టికలు కట్టిపెట్టేవాణ్ణి. వాళ్ళ పట్టికల్లో తప్పు కనిపిస్తే అడక్కపోయినా దిద్దేవాణ్ణి. నన్ను నేను మెచ్చుకునే గుణం నాలో అదొక్కటే ఉండేది.

ఆయన నన్ను లెక్కల మాస్టారూ అనేవాడు. నేను మాస్టర్ని కాదని చాలాసార్లు చెప్పాను.

"మరి లెక్కల గుమాస్తాగారూ అని పిలవమంటారేంటండీ, చెక్కు రాయించుకోడానికొచ్చినట్టు?" అనేవాడు.

ఉద్యోగం చేస్తూనే ఆయన పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నాడు. తార్నాక నుంచి మెట్టుగూడ దాకా ఇళ్ళ బావుల్లో నీళ్ళు ఏటేటా ఎంత దిగిపోతున్నాయో కొలవడం ఆయన పని. బావులు నలభై ఒకటి. ప్రతి ఆదివారం చర్చి అయిపోయాక అదే ఇస్త్రీ చొక్కాతో బయలుదేరేవాడు. ఏడేళ్ళు తిరిగాడు. మూడువందల అరవై నాలుగు ఆదివారాల్లో ఆయన తప్పినవి పదకొండు.

కొలిచేది తాడుతో. అడుగుకొక ముడి, చివర పాడైపోయిన తాళంకప్ప. కప్ప నీళ్ళకు తగిలి టప్పుమన్నప్పుడు ముడులు లెక్కపెట్టేవాడు. ప్రతి బావి గట్టు మీదా ఎర్ర గోళ్ళరంగుతో చుక్క ఉండేది, ప్రతిసారీ తాడు అక్కడినుంచే దించాలని. ఆయన టేబుల్ సొరుగులో గోళ్ళరంగు సీసా ఉందని విభాగమంతా నవ్వేవాళ్ళు. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళే రంగు వేసుకోరు. ఆయన చూస్తే సంఘ పెద్ద. ఆ సీసా ఎట్లా కొన్నావన్నా అని అడిగితే, "షాపతను ఎవరికండీ అన్నాడు. బావులకండీ అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు" అన్నాడు.

నా ఇంటి వెనక కూడా బావి ఉంది. ఆయన లెక్కలో అది పదిహేడో నంబరు. ఒక ఆదివారం నా స్టీలు కొలతపట్టీ పెట్టి ఆయన తాడును కొలిచాను. మొదటి ముడి పన్నెండంగుళాల దగ్గర లేదు, పది దగ్గరే ఉంది. అంటే ఏ బావి కొలిచినా రెండంగుళాలు ఎక్కువ వస్తోంది.

"అన్నా, గీ తాడు తప్పు జెప్తున్నది. అన్నిట్ల రెండంగుళాలు తీసెయ్యాలె" అన్నాను.

"తెలుసండీ."

"తెలిసి గట్లనే రాస్తున్నవా?"

"నేను లోతు చూట్టం లేదు మాస్టారూ, దిగుడు చూస్తున్నాను. కొలత తప్పైనా పర్లేదండీ, ప్రతిసారీ అదే తప్పు రావాలి. ఇవాళ ముడి సరిచేశాననుకోండి, నిన్నటి దాకా కొలిచిందంతా అబద్ధమైపోద్ది."

లెక్క ప్రకారం అది సరైనదే. తేడాలు తీసేటప్పుడు ఆ రెండంగుళాలు కొట్టుకుపోతాయి. అది నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆ ముడి చూసినప్పుడల్లా నా చెయ్యి ఊరుకునేది కాదు.

అంకెలన్నీ దాచింది ఈ సంచీలోని కంప్యూటర్లో. ఎనభైల్లో విభాగానికి కొన్నారు. పుస్తకమంత ఉంటుంది. మీటలు రబ్బరువి, టీవీకి తగిలిస్తే తప్ప అక్షరం కనపడదు. తొంభైలు వచ్చాక పెద్ద కంప్యూటర్లు వచ్చి ఏసీ గదిలో కూర్చున్నాయి. ఆ గదికి చెప్పులు విప్పి వెళ్ళాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి, టెక్నీషియన్లకు ప్రవేశం లేదు. పాతది సామాన్ల గదిలో రాళ్ళ నమూనాల వెనక పడితే ఈయన తీసుకున్నాడు. చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, టేప్‌రికార్డరు ఇంటినుంచి తెచ్చుకున్నాడు.

కరెంటు తీసేస్తే ఆ కంప్యూటరుకు ఏమీ గుర్తుండదు. గుర్తుంచుకోవాల్సింది టేప్‌రికార్డరే. అంకెలు కూతలుగా మారి, పాటలు ఎక్కించుకునే మామూలు కేసెట్ మీదికి ఎక్కుతాయి. కావాల్సినప్పుడు కేసెట్ వేస్తే ఆ కూత విని కంప్యూటరు మళ్ళీ అంకెలు చేసుకుంటుంది. అందుకు తీగలు రెండు. తెల్లదారం చుట్టింది వినే తీగ, నల్లదారం చుట్టింది చెప్పే తీగ. రెండూ ఒకేసారి గుచ్చకూడదు.

"చెప్పేవాడూ వినేవాడూ ఒకేసారి నోరు తెరిస్తే కీచులాటేనండీ" అనేవాడు.

కేసెట్ వేసేముందు ఫ్యాను ఆపేసేవాడు. వాచీ తీసి కిటికీలో పెట్టేవాడు. శబ్దం ఎంత పెంచాలో టేప్‌రికార్డరు మీద ఎర్రచుక్క ఉండేది. తర్వాత కళ్ళు మూసుకుని, తల ఎడమకు వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. మొదట ఈల వస్తుంది. తర్వాత మూకుట్లో జొన్నలు వేయిస్తున్నట్టు చిటపటలు. ఐదు నిమిషాలు. ఎక్కడైనా తేడా వస్తే టీవీ చెప్పకముందే "పొల్లండీ, ఆపేయండి" అనేవాడు. అంతా ఎక్కితే చిన్నగా "స్తోత్రం" అని ఫ్యాను వేసేవాడు. చూసేవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవాళ్ళు. బహుశా అదే చేసేవాడు.

బావి దగ్గర చీటీల మీద రాసుకున్న అంకెలు సోమవారం ఎక్కించి, రెండో కేసెట్‌లో నకలు తీసి, చీటీలు చించేసేవాడు. ఎందుకన్నా అంటే, "ఒకే లెక్క కాయితం మీదోటీ ఇక్కడోటీ ఉంటే ఏదో రోజున రెండూ తగవులాడతాయండీ. అప్పుడు ఏది నిజమో ఎవరు తీరుస్తారు?" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. చేత్తో నకలు రాస్తే తప్పులు దొర్లడం రోజూ చూసేవాణ్ణి కదా.

ఆ డిసెంబరుతో ఏడేళ్ళు నిండాయి. ఆరునెలలకొకటి లెక్కన కేసెట్లు పద్నాలుగు, వాటి నకళ్ళు పద్నాలుగు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈసారి జూన్ ముప్పై, ఆ పైన లేదు. కేసెట్లు ఒక్కొక్కటే ఎక్కించి ఆయన అంకెలు చదవాలి, నేను పట్టికలు కట్టాలి, ఆయన రాసి బైండు చేయించాలి.

"మా నాన్నగారు బైబిల్ స్కూల్లో వంటవారండీ" అన్నాడొకసారి. "వేరేవాళ్ళ పుస్తకాలకు అట్టలేసేవారు. అట్ట మీద మా ఇంటిపేరు పడితే చూడాలనుందండీ." ఆ మాట ఒక్కసారే అన్నాడు.

జనవరిలో వాళ్ళక్కకు జబ్బు చేస్తే ఊరెళ్ళాడు. వెళ్తూ టేప్‌రికార్డరు నాకిచ్చాడు. లోపల రబ్బరు బెల్టు సాగిపోయింది.

"బెల్టొక్కటే మార్పించండి మాస్టారూ. ఇంకేమీ ముట్టుకోనివ్వకండి."

నల్లకుంటలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. అతను బెల్టు మార్చి, మూత వేయబోతూ ఆగాడు.

"సార్, టేపును చదివే గీ హెడ్డు జూడుండ్రి. వంకరున్నది. పాటేసి చూపిస్తా."

వేశాడు. ముక్కు మూసుకుని పాడినట్టుంది.

"గీడ స్క్రూ ఉన్నది, జర తిప్పితే అయిపోతది. ఎవలో దీనికి నెయిల్ పాలిష్ గూడ పూసిండ్రు" అని నవ్వాడు. "చెయ్యమంటరా? దీనికి పైసలేం వద్దు."

ఎర్రచుక్క నేనూ చూశాను. ఆయన చుక్కే. ఆయన తప్పు జాగాలో చుక్క పెట్టుకున్నాడు అనుకున్నాను. అది నిజం. తప్పు జాగానే.

"చెయ్యి" అన్నాను.

స్క్రూ కుడివైపుకు తిరిగింది. పావు చుట్టు కన్నా కొద్దిగా తక్కువ. పాట గొంతు విప్పింది. అతను రంగు గీకేసిన చోట బోసిగా కనిపించింది. ఇంటికొచ్చి మా ఆవిడ గోళ్ళరంగు తీసుకుని, కొత్త జాగాలో చుక్క పెట్టాను. ఆయన రాగానే చెప్పి, మెప్పు పొందుదామనే పెట్టాను. ఇది ఇప్పుడు కల్పించి చెప్పడం లేదు.

ఫిబ్రవరి చివర్లో తిరిగొచ్చాడు. ఆ సాయంత్రమే తెల్లదారం తీగ గుచ్చాడు, ఫ్యాను ఆపాడు, వాచీ తీశాడు. ఈల వచ్చింది. చిటపటలు మెత్తగా, గోనెసంచీ కింద నుంచి వస్తున్నట్టు వచ్చాయి.

"పొల్లండీ" అన్నాడు.

ఇంకో కేసెట్ వేశాడు. అదీ పొల్లే. నకళ్ళు వేశాడు. అవి కూడా ఆ టేప్‌రికార్డరు మీదే ఎక్కించినవి. మూత తెరిచి టార్చి వేసి చూశాడు. చుక్క చుక్కలాగే ఉంది. మూత వేసేశాడు.

"బెల్టొక్కటే కదండీ మార్చింది?"

"బెల్టొక్కటే" అన్నాను.

ఎందుకన్నానో రాయగలిగితే రాసేవాణ్ణి. అప్పటికి ఆ స్క్రూకూ దీనికీ సంబంధం ఉందని నాకు తెలీదు. వారం తర్వాత నల్లకుంట వెళ్ళి అడిగాను.

"పాత కేసెట్లు పాత సెట్టింగ్ మీదనే పల్కుతయ్ సార్" అన్నాడు మెకానిక్. "వంకర హెడ్డు మీద ఎక్కిచ్చింది వంకర హెడ్డుకే తెలుస్తది. ముందే జెప్తే ముట్టకపోదును."

అంటే మార్చి మొదటివారం నుంచి నాకు తెలుసు. ఎటు తిప్పాలో తెలుసు, ఎంత తిప్పాలో తెలుసు. మొదటి రోజు అది ఒక్క వాక్యంతో అయిపోయే పని. పదిరోజులయ్యేసరికి రెండు వాక్యాలు కావాలి, ఏం చేశానో ఒకటి, పదిరోజులు ఎందుకు చెప్పలేదో ఒకటి. నెలకు ఆ రెండో వాక్యం నా నోటికి పట్టనంత పెద్దదైంది. రేపు చెప్దాం అనుకుంటూ రోజూ ఆయన గదికి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

ఆయన ఒక్కొక్కటే అనుమానించాడు. తీగలు కొత్తవి అతికాడు. శబ్దం వెంట్రుకవాసి చొప్పున పెంచాడు, తగ్గించాడు. హెడ్డును స్పిరిట్‌తో తుడిచాడు. బెల్టు మళ్ళీ మార్పించాడు. ఆ చుక్కను మాత్రం అనుమానించలేదు. చుక్క తను పెట్టుకున్నది కదా.

ఏప్రిల్లో వేరేవాళ్ళ దగ్గర రెండు టేప్‌రికార్డర్లు అడిగి తెచ్చాడు. రెండూ మంచివి, హెడ్లు నిటారుగా ఉన్నవి. వాటి మీదా పలకలేదు.

"ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పారండీ" అన్నాడు. "ఇంక కేసెట్లే చచ్చిపోయాయనుకోవాలి."

నేను తలూపాను.

మేలో బావులు మళ్ళీ తిరిగి చూశాడు. మొదట్లో ఉన్న నలభై ఒకటిలో ఇరవై రెండే మిగిలాయి. మిగతా చోట్ల ఫ్లాట్లు లేచాయి. మెట్టుగూడలో ఒక ఇంటావిడ గుమ్మంలోనే ఆపిందట. "మళ్ళొచ్చినవా సారూ? బాయి పూడ్సి కారు షెడ్డు ఏసినం. నీ తాడు ఇంగ దూలానికి కట్టుకో" అందట. ఆయన ఆమె గొంతుతో అని నవ్వాడు. నేనూ నవ్వాను.

జూన్ ముప్పై సాయంత్రం గైడు గదినుంచి బయటికొచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు.

"మళ్ళీ పేరు నమోదు చేయించుకుని మళ్ళీ కొలువయ్యా, నీళ్ళెక్కడికి పోతాయన్నారండీ."

"నువ్వేమన్నవన్నా?"

"నీళ్ళు కాదండీ, బావులే పోయాయన్నాను. పాపం, ఆయనకు మీటింగుంది."

లేచి ప్యాంటు వెనక దుమ్ము దులుపుకున్నాడు. రెండుసార్లు దులుపుకున్నాడు. నేను చెప్పలేదు. గడువు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పి లాభం లేదనుకున్నాను. లెక్క అట్లా కట్టాను.

ఆగస్టు మొదటి ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొచ్చాడు, ఈ సంచీతోనే. అన్నీ మార్చి చూశాడట, టీవీ ఒక్కటే మార్చలేదట. మా టీవీకి తగిలిస్తానన్నాడు. తగిలించాడు. పొల్లే వచ్చింది. మా ఆవిడ టీ తెచ్చింది.

సాసరు అందుకుంటూ ఆమె వేళ్ళ వైపు చూశాడు. ఆయన వాడేది పండుమిరప ఎరుపు. మా ఆవిడది నేరేడుపండు కలిసిన ముదురు ఎరుపు. టీ తాగలేదు. సాసరు కింద పెట్టి, టేప్‌రికార్డరును కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి మూత తీశాడు. చాలాసేపు చూశాడు. ల్యాబ్‌లో ఆయన గదికి వెలుతురు రాదు, ఎప్పుడూ ట్యూబులైటే, దాని కింద రెండు ఎరుపులూ ఒకటే.

"చిన్న స్క్రూడ్రైవర్ ఉందాండీ?" అన్నాడు.

ఇచ్చాను. నా వైపు చూడలేదు.

"ఎటు తిప్పారండీ?"

"కుడికి."

"ఎంత?"

"పావు చుట్టు కన్నా కొంచెం తక్కువ."

జేబులోంచి చీటీ తీసి ఆ అంకె రాసుకున్నాడు. ఎందుకు తిప్పావని అడగలేదు. ఎందుకు చెప్పలేదనీ అడగలేదు. కేసెట్ నడుస్తుండగా స్క్రూను ఎడమకు తిప్పుతూ వచ్చాడు. మెత్తటి శబ్దం గరుకైంది, జొన్నలు వేగడం మొదలైంది. కేసెట్‌ను మొదటికి తిప్పి మళ్ళీ వేశాడు. తల ఎడమకు వంచి ఐదు నిమిషాలు విన్నాడు. టీవీ మీద అంకెలు పడ్డాయి. ఏడేళ్ళనాటి మొదటి ఆదివారం, నలభై ఒక్క బావులు.

"స్తోత్రం" అన్నాడు. లేచి ఫ్యాను వేశాడు.

జూన్ ముప్పైకి ఆ ఆదివారానికి మధ్య ముప్పై ఎనిమిది రోజులు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పటినుంచి ఫ్యాను వేసేదాకా పదకొండు నిమిషాలు.

వెళ్ళేముందు వెనక్కి వెళ్ళి, చుక్క దగ్గర నిలబడి పదిహేడో నంబరు బావిలోకి తాడు దించాడు. ముడులు లెక్కపెట్టాడు. రాసుకున్నాడు. చల్లారిన టీ నిలబడే తాగి, "వస్తానండీ" అని వెళ్ళాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి ఆదివారం వచ్చాడు. పీహెచ్‌డీ లేదు, అడిగేవాళ్ళు లేరు. నన్ను మాస్టారూ అనడం మానలేదు. ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఆ రెండో వాక్యం చెప్పలేదు. చెప్పడానికి రెండు వందల ఆదివారాలకు పైగా ఉన్నాయి. బావులు మాత్రం తగ్గుతూ వచ్చాయి. చివరి ఏడు ఆదివారాలు ఆయన రాలేదు. జబ్బుపడ్డాడని తెలుసు. చూడటానికి ఒక్కసారి వెళ్ళాను. నిద్రలో ఉన్నాడు.

సంచీ తూచాక కేసెట్ల లెక్క తెలిసింది. నాలుగేళ్ళకు ఎనిమిది, నకళ్ళు ఎనిమిది, మొత్తం పదహారు. ఇరవై ఎనిమిదీ పదహారూ నలభై నాలుగు. కొలవడం నేను చూశాను. దాస్తూ కూడా ఉన్నాడని తెలీదు.

టేప్‌రికార్డరు మూత తీశాను. ముదురు రంగు గీకేసి ఉంది. దాని మీద పండుమిరప ఎరుపు.

ఆ మధ్యాహ్నం ఫ్యాను ఆపాను. వాచీ తీసి కిటికీలో పెట్టాను. తెల్లదారం తీగ గుచ్చి చివరి కేసెట్ వేశాను. ఈల, తర్వాత జొన్నలు. ఎక్కింది. అన్ని వరుసల్లోనూ 'పూడ్చారు' అనే ఉంది, తొమ్మిదింటిలో తప్ప. పదిహేడో నంబరు ఎదుట ఇరవై మూడు అడుగుల నాలుగంగుళాలు.

స్టీలు కొలతపట్టీ తీసుకుని వెనక్కి వెళ్ళాను. గట్టు మీది చుక్క సగం చెరిగింది. అక్కడినుంచే దించాను. ఇరవై మూడు అడుగుల ఏడంగుళాలు. రెండోసారి దించాను. అంతే వచ్చింది. నా పట్టీలో తప్పు లేదు.

లోపలికొచ్చి తెల్లదారం తీగ తీసేసి నల్లదారం తీగ గుచ్చాను. పదిహేడో నంబరు ఎదుట ఆ ఆదివారం కొత్త గడిలో తాడు రెండంగుళాలు కలిపి, ఇరవై మూడు అడుగుల తొమ్మిదంగుళాలు అని ఎక్కించాను.